సొరంగం పడని తోర్‌గేర్

తోర్‌గేర్ ముసలాయనకి సొరంగం పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి వియ్యపురాలు పడదు, ఈయనకి సొరంగం పడదు. నార్వేలో, అదీ పడమటి కొండల్లో కాపురముంటూ సొరంగం పడదంటే ఎలా కుదురుతుంది? అక్కడ పాల ప్యాకెట్టు కొనాలన్నా ఏదో ఒక కొండ కడుపులో దూరి అవతల తేలాలి. విడ్డూరమేమిటంటే, ఊరికి తూర్పున ఉన్న పెద్ద సొరంగం తవ్వినవాళ్ళలో ఈయనా ఒకడు. ఆ కొండని మందు పెట్టి పేల్చి పేల్చి రిటైరయ్యాడు.

కారు సొరంగం దగ్గరికొచ్చేసరికి ముసలాయనకి ఏదో ఒక వంక దొరికేది.

"ఒరే ఐవిన్, పాతదారిన పోనీరా."

"ఏం నాన్నా?" అనేవాడు కొడుకు, పళ్ళు నూరుతూ.

"లోపల చెమ్మకి నా ఉన్ని టోపీ కుంచించుకుపోతుంది."

ఇంకోసారి రేడియోలో వాతావరణ వార్తలు తెగిపోతాయి. మరోసారి బ్రౌన్ చీజ్ వాసన పోతుంది. పాతదారంటే మేకలు కూడా ఆలోచించి అడుగేసే దారి. ఓసారి చుట్టాల పిల్లకి నామకరణమని బయల్దేరి, వాళ్ళు కేకు తిన్న ప్లేట్లు కడుగుతుండగా చేరారు. తోర్‌గేర్ మాత్రం కాఫీ అడిగి తాగి, దారిలో చూసిన జలపాతాల గురించి ఇంటివాళ్ళకి ఆవులింతలొచ్చేదాకా వర్ణించాడు.

ఆయన కోడలు బోదిల్ డెన్మార్కు పిల్ల. ఆ దేశంలో మేడ మెట్లెక్కితే అదే కొండ. కాపురానికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా సొరంగంలోకి వెళ్ళగానే ఆవిడకి గొంతు పట్టేసేది, కొండంతా నెత్తిన కూలుతున్నట్టుండేది. ఎవరికీ చెప్పుకోలేదు. సొరంగం తవ్వినాయన కోడలికి సొరంగమంటే హడలని తెలిస్తే ఊరు ఊరంతా నవ్వదూ? అందుకే కారెక్కగానే కళ్ళు మూసుకుని నిద్ర నటించేది. "మా ఆవిడకి కారే ఉయ్యాల" అని ఐవిన్ మురిసిపోయేవాడు. మామగారి చాదస్తం పుణ్యమా అని ఎన్నో గండాలు గడిచాయి కాబట్టి, అందరూ ఆయన్ని తిట్టుకుంటుంటే బోదిల్ మాత్రం లోపల్లోపల దణ్ణం పెట్టుకునేది.

ఇంతలో కూతురు సిల్యెకి ఎస్తోనియాలో పెళ్ళి కుదిరింది. విమానమెక్కితే గొడవే లేకపోను. కానీ ఐవిన్ అప్పుడే కారు వెనక తగిలించుకుపోయే ఇల్లు, కారవాన్, కొన్నాడు.

"దేశాలన్నీ చూసుకుంటూ పోదాం! కొండలు దాటి స్వీడన్, అక్కడ ఓడెక్కి ఫిన్లాండ్, మళ్ళీ ఓడెక్కి ఎస్తోనియా!" అని వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాడు. ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాడు.

మ్యాపులో సొరంగాలు చుక్కల గీతలుగా ఉంటాయి. బోదిల్‌కి దేశాలు కనపడలేదు, చుక్కలే కనపడ్డాయి. అన్నం సయించలేదు. చేతులు ఊరికే ఉండక దాల్చినచెక్క బన్నులు కాల్చింది, ఆపకుండా కాల్చింది. కన్నకూతురి పెళ్ళి. వెళ్ళకపోతే జన్మంతా కుమిలిపోవాలి, వెళ్తే మొదటి గంటలోనే కొండ కడుపులో అరిచి అల్లరిపాలవ్వాలి.

"స్వీడన్ ఎందుకురా? మూడు రోజులు పోయినా ఒకటే చెట్టు" అన్నాడు తోర్‌గేర్ బన్ను నములుతూ. "సరే, మీ ఇష్టం. కానీ పెద్ద సొరంగం వద్దు. కొండ మీది మంచుదారిన పోదాం."

"ఈసారి దేనికి నాన్నా?"

"పెళ్ళికి తీసుకెళ్ళే రొట్టెలు మెత్తబడిపోవూ?"

ఐవిన్ నెత్తి కొట్టుకుని గీత మార్చాడు. బోదిల్‌కి ఆ పూట ఆకలేసింది.

ప్రయాణం దగ్గరపడిన గురువారం బోదిల్ కారవాన్‌కి గ్యాసు సిలిండరు తేవాలని పెట్రోలు బంకుకెళ్ళింది. బంకు సరిగ్గా సొరంగం మూతి దగ్గరుంటుంది. అక్కడ నిలబడి ఉండగా లోపలినుంచి ఓ పాత పచ్చకారు దూసుకొచ్చింది. అద్దాలు దించి ఉన్నాయి. నడుపుతున్నాయన గొంతెత్తి పాడుతున్నాడు. ఆయన తోర్‌గేర్!

"మా మామగారు... సొరంగంలోంచి?" అంది బోదిల్ నోరు తెరిచి.

"ప్రతి గురువారం ఇంతేగా" అంది బంకు ఆవిడ. "అవతల ఊళ్ళో ముసలాళ్ళ డాన్సుకెళ్తాడు. లోపల గొంతు బాగా మోగుతుందట, పాడుకుంటూ వస్తాడు."

ఇంట్లో మాత్రం గురువారం గురువారం చేపలు పట్టడానికి వెళ్తున్నానని చెప్పేవాడు. 'దొంగ ముసలాడు!' అనుకుంది బోదిల్. మరుక్షణమే ఇంకోటి తట్టింది. ఈ సంగతి ఐవిన్ చెవిన పడితే ఇక పాతదార్ల ఊసే ఎత్తనివ్వడు. నోరు కుట్టేసుకుని ఇంటికొచ్చింది.

ఆవిడ జాగ్రత్త ఎందుకూ పనికిరాలేదు. బయల్దేరే ముందురోజు రేడియో చెప్పింది, ఆ ఏడు మంచు కరగలేదు, కొండదారి తెరవరని.

"అయితే సొరంగమే!" అన్నాడు ఐవిన్ హుషారుగా.

బోదిల్ చేతిలోని కాఫీ కప్పు సాసరులో గలగలమంది. తోర్‌గేర్ ఆ కప్పు కేసి చూశాడు. చూసి గట్టిగా దగ్గాడు.

"నేను రాను. పడవలో సముద్రపాయ అవతలి ఒడ్డుకొస్తా, నువ్వు సొరంగం దాటి వచ్చి అక్కడ ఎక్కించుకో."

"నాన్నా! తవ్వింది నువ్వే కదా!"

"తవ్వుతుంటే మనుషులం ఉండేవాళ్ళం, కబుర్లుండేవి. ఇప్పుడు ఒట్టి కార్లు. నాకు కళ్ళు తిరుగుతాయి. ఒంటరిగా పడవెక్కితే నీళ్ళలో పడినా పడతాను. కోడలిపిల్లని తోడివ్వు."

"పెళ్ళి ప్రయాణంలో కూడా ఏమిటీ మంకుపట్టు! బోదిల్, నువ్వయినా చెప్పు."

బోదిల్‌కి ఇన్నేళ్ళ టోపీలూ, చీజులూ, వాతావరణ వార్తలూ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆ వంకల్లో తను కార్లో లేనప్పటిది ఒక్కటీ లేదు.

మర్నాడు ఐవిన్ సణుక్కుంటూ కారవాన్‌తో సొరంగం దారి పట్టాడు, వీళ్ళిద్దరూ పడవెక్కారు. పడవ కదిలాక బోదిల్ అడిగింది. "మామయ్యగారూ, గురువారం సొరంగంలోంచి పాడుకుంటూ వచ్చిందెవరు?"

తోర్‌గేర్ ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "బంకు ఆవిడకి నోరు నిలవదు" అన్నాడు.

"నా సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నువ్వొచ్చిన కొత్తలోనే. నిద్రపోతూ సీటుబెల్టు పట్టుకుని వేలాడే మనిషిని నేనెక్కడా చూళ్ళేదమ్మా."

"మరి నాతో చెప్పలేదేం?"

"నువ్వు దాచుకున్నావుగా. దాచుకున్నది లాగడం మర్యాద కాదు. అయినా నాకేం పోయింది? జలపాతాలు చూశాను."

బోదిల్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అవతలి ఒడ్డున కారవాన్ పక్కన ఐవిన్ కాచుక్కూచున్నాడు. తండ్రిని చూడగానే ఎక్కడలేని కోపం వచ్చింది. "అయిందా? ఇదే ఆఖరు! ఇక దారిలో నీ పిచ్చి చేష్టలు సాగవు నాన్నా, చెప్తున్నా!"

"ఆయన్నేమనకు ఐవిన్" అంది బోదిల్. "సొరంగాలంటే భయం ఆయనకి కాదు. నాకు. మొదట్నుంచీ నాకే."

తోర్‌గేర్ లబోదిబోమన్నాడు. "అయ్యో అమ్మాయ్, ఎంత పని చేశావ్! కష్టపడి పిచ్చివాడినని పేరు తెచ్చుకున్నాను. రేపట్నుంచి వీడు నన్ను మామూలు మనిషిలా చూస్తే నేనేం కావాలి?"

ఐవిన్ భార్య మొహంలోకి చూశాడు. కార్లోంచి మ్యాపు తీసి బానెట్ మీద పరిచి, ఎర్ర పెన్సిల్ చెవి మీంచి అందుకున్నాడు.

"స్టాక్‌హోం దగ్గర పొడుగ్గా ఒకటుంది నాన్నా. చుట్టూ తిరిగి పోదామా?"

"నన్నడుగుతావేంరా?" అన్నాడు తోర్‌గేర్ మూతి ముడుచుకుని. "నాకేం భయం?"