తాబేళ్ళు పులులైన ఏడాది

మొన్న ఆదివారం పొద్దున్న మేడ మీద నీళ్ళ ట్యాంకుకు వాల్వు మారుస్తుంటే జేబులో ఫోను ఆగకుండా వణికింది. పని ముగించి, చేతికంటిన గ్రీజు తుడుచుకుని చూస్తే, మా పాత కాలేజీ గ్రూపులో పెద్ద రగడ. బరంపురంలో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టును అందరూ 'టైగర్స్' అంటారు. ఆ పేరు మారబోతోందట. ఎవరు చెప్పారయ్యా అంటే ఎవరూ చెప్పలేదు. కొత్త జెర్సీల ఫోటో ఎవరో పెట్టారు, అందులో పులి బొమ్మ కనబడలేదు, అంతే. భోజనాల వేళకి గ్రూపు మూడు వర్గాలుగా చీలింది: కొత్త పేర్లు సూచించేవాళ్ళు, ఉన్న పేరుకు ప్రాణమైనా ఇస్తామనేవాళ్ళు, ఎటూ తేల్చకుండా నవ్వు ముఖాల బొమ్మలు పంపేవాళ్ళు. నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. ఏ సంగతినైనా వరసలో పెట్టుకుంటే గానీ నాకు తోచదు. కానీ ఆ రోజు వర్గాలు లెక్కపెట్టడం దగ్గరే నా పని ఆగిపోయింది, ఎందుకంటే మావయ్య గుర్తొచ్చాడు. పులుల కోసం ప్రాణాలిస్తామంటున్న కుర్రాళ్ళలో చాలామందికి తెలియని విషయం, ఆ జట్టు మొదట పులులు కాదు. మేం చదివేటప్పుడు తాబేళ్ళు.

ఆ పేరు రావడానికి కారణం మా మావయ్యే. మాది ఆంధ్రా-ఒడిశా సరిహద్దు దగ్గర పల్లె, నాన్నది వ్యవసాయం. అమ్మ తమ్ముడు మాత్రం తాతల నాటి నుంచి ఉన్న బట్టల కొట్టు నడుపుకుంటూ బరంపురంలోనే ఉండిపోయాడు. అతను అదే కాలేజీలో చదివిన రోజుల్లో జట్టులో వెనక వరస ఆటగాడు. పొట్టి మనిషి, బరువైన మనిషి, పరుగు లేదు. ఛత్రపూర్‌లో ఒక మ్యాచికి వాన పడి మైదానమంతా బురదైతే, అవతలి వాళ్ళు అతని నడక చూసి "కైంఛ! కైంఛ!" అని అరిచారట. ఒడియాలో తాబేలుని అలాగే అంటారు. ఎంత అరిచినా మావయ్య గోలు ముందు నుంచి కదల్లేదు, బంతిని దాటనివ్వలేదు. ఆట అయిపోయాక, అరిచిన గుంపు ముందుకెళ్ళి బురదలో బోర్లా పడుకుని, నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ పోయి గోలు కర్రను చేత్తో తట్టి లేచాడట. ఏడిపించినవాళ్ళే చప్పట్లు కొట్టారు. తరవాతి మ్యాచికి మనవాళ్ళు ఒక పాత దుప్పటి మీద తాబేలు గీసి పట్టుకొచ్చారు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఏటా తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి కాబట్టి ఆ బొమ్మ ఊళ్ళో ఎవరికీ వింతగా అనిపించలేదు. దుప్పటి చిరిగిపోయింది, కాలేజీ గోడ మీద చెక్క బోర్డు వెలిసింది, పేరు నిలిచిపోయింది.

మావయ్య జీవితంలో చెప్పుకోదగ్గ ఘనకార్యం అదొక్కటే. ఈ మాట నేను చిన్నచూపుతో అనడం లేదు, అతనే అనేవాడు. కొట్టు తాతది, ఇల్లు తాతది, పెళ్ళి కూడా తాతే కుదిర్చాడు. "ఈ ఊళ్ళో నాను సొంతంగా ఎట్టింది ఆ పేరొక్కటేరా అల్లుడూ" అని ఆదివారం భోజనాల దగ్గర, సరిగ్గా పెరుగన్నం సమయానికి, చెప్పేవాడు. అత్త ప్రతిసారీ "ఎట్టింది నువ్వేటి, ఏడిపించినోలు గదా ఎట్టేరు" అని సరిచేసేది. మావయ్య ప్రతిసారీ "బురదలో పాకింది ఎవుడే?" అనేవాడు. ఆ మూడు మాటలు అయితే గానీ మజ్జిగ వచ్చేది కాదు.

నేను ఊరి చివర హల్దియాపదర్‌లో గది తీసుకుని చదువుకునేవాణ్ణి. నాతో పాటు గదిలో ఉండే మిత్రుడు మా కాలేజీకి అనధికార వార్తా సంస్థ. మా సాయంత్రాలన్నీ మావయ్య కొట్టుకు ఎదురుగా ఉన్న టీ దుకాణం బల్ల మీదే గడిచేవి. అక్కడి నుంచి కొట్టు లోపలి గది దాకా కనిపించేది. ఒకరోజు బఠాణీల ఘుగుని తింటుండగా మా మిత్రుడు ఊపిరాడకుండా వచ్చి కూర్చున్నాడు.

"గోడ మీద తాబేలు బోర్డు తీసేసినారు. సూసొచ్చేను."

"సున్నం ఎయ్యడానికేమోరా."

"సున్నం ఆరిపోనాది. మరెందుకెట్టలేదు? ఏటంటే, పేరు మారస్తన్నారు."

ఆ ఒక్క ఖాళీ గోడ మీద ఒక నెల పాటు ఎన్ని మేడలు కట్టామో చెప్పలేను. కృష్ణజింకలని ఒక పేరు వచ్చింది, మన గంజాం జిల్లా జింకలు కదా అని. జింకని పెడితే మనవాళ్ళు బంతిని వదిలేసి పరిగెత్తుతారని కొట్టేశారు. చిలికా డాల్ఫిన్లు కొన్నాళ్ళు నడిచింది. సైక్లోన్స్ అన్నప్పుడు బల్ల మొత్తం లేచి నిలబడింది, ఒక్క మా గోల్‌కీపర్ తప్ప. అతనిది పొడంపేట, చేపలు పట్టే కుటుంబం. గ్లాసు కింద పెట్టి, "ఆ పేరొద్దురా బాబూ. తుపానంటే మీకు సెలవు. మాకు ఇంటికప్పు ఎతుక్కోడం" అన్నాడు. ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తాబేలు గురించి అతను ఇంకో మాటా అన్నాడు. వలలో తాబేలు పడితే వాళ్ళ నాన్న వల కోసైనా దాన్ని విడిపించి, తాకి కళ్ళకద్దుకుని నీళ్ళలో వదులుతాడట. "అది మా ఇంటికాడ దేవుడు. ఇక్కడ మీకు సిగ్గు" అని నవ్వాడు. నిజమే, మాకు సిగ్గే. వేరే కాలేజీ జట్లకు సింహాలూ గద్దలూ ఉంటే మేం నత్తనడక జంతువు బొమ్మ మోసుకు తిరగడం ఆ వయసులో కష్టంగానే ఉండేది.

మావయ్య రోజూ కొట్టు కుర్రాడికి అప్పగించి మా బల్ల దగ్గరికి వచ్చేవాడు. ముందు నవ్వుతూ విన్నాడు. తరవాత్తరవాత ఊరికే విన్నాడు. ఒకనాడు మా మిత్రుడు "మీరేటంటారు మావయ్యా, మార్చాలా, వద్దా?" అని ముఖం మీదే అడిగేశాడు. "ఆల జట్టు, ఆలిష్టం. మజ్జిన నాకేటి?" అని లేచి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. టీ సగం కూడా తాగలేదు. ఆ ఆదివారం పెరుగన్నం దగ్గర అతను ఎప్పుడూ చెప్పే మాట చెప్పలేదు. అత్త కాసేపు ఎదురు చూసి, తనే మజ్జిగ పోసేసింది.

పులి వార్త ఆ తరవాతే వచ్చింది. మా మిత్రుడు మావయ్య కొట్టు వైపు వేలు చూపిస్తూ, "ఎనకాల గదిలో తోక ఏలాడతంది" అన్నాడు.

"ఏటి తోక?"

"పులి తోకరా. దూది కూరినాది. బారెడుంది. పక్కన పసుప్పచ్చ గుడ్డ, నల్ల రంగు డబ్బా."

అందరం మెడలు చాచాం. ఉంది. ఇక నా చదువుకి పని దొరికింది. జట్టు బట్టలు ఎప్పుడూ మావయ్య కొట్టు నుంచే వెళ్తాయి, ఇది ఒకటి. జట్టు రంగు ఆకుపచ్చ, ఈ గుడ్డ పసుపు, ఇది రెండు. పులి పేరు పెట్టుకునే జట్టుకు మైదానంలో గంతులేసే పులి వేషగాడు కావాలి, ఇది మూడు. నేను వేళ్ళు మడుస్తూ చెబుతుంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. బరంపురంలో ఏడాది విడిచి ఏడాది ఠాకురాణి అమ్మవారి జాతర వస్తుందనీ, మొక్కుకున్నవాళ్ళు ఒళ్ళంతా పులి చారలు వేయించుకుని వీధుల్లో ఆడతారనీ మాకు తెలియక కాదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ జాతర తేదీ ఇంకా చాటించలేదు. పైగా పులి వేషమంటే సన్నగా, చురుగ్గా ఉండే కుర్రాళ్ళు వేసేది. బానపొట్టతో గల్లా దగ్గర కూర్చునే మనిషిని పులిగా ఊహించుకునే శక్తి మాలో ఎవరికీ లేకపోయింది.

నేరుగా వెళ్ళి అడిగాం. "సతొనా మావయ్యా? నిజంగా పులులేనా?" అన్నాడు మా మిత్రుడు, సగం ఒడియాలో. మావయ్య చేతిలోని గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. "కొట్లో సవాలచ్చ గుడ్డలుంటాయి. అన్నిటికీ మీకు జవాబు సెప్పాలేటి? ఎల్లండెల్లండి, బేరం యేళ" అన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డ ఆ ముఖాన్ని మేం రహస్యం దాచలేని మనిషి ముఖం అనుకున్నాం. అది ఒక విధంగా సరైన అంచనాయే.

మరుసటి మ్యాచికి మా మిత్రుడి నాయకత్వంలో మైదానానికి పులి ముఖం గీసిన బ్యానర్ వచ్చింది. గ్యాలరీ మొత్తం "టైగర్స్" అని గర్జించింది. ఏ దేవుడి దయో, ఆ రోజు మా జట్టు ఎన్నడూ గెలవని జట్టు మీద గెలిచింది. కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ గారు లేచి, విద్యార్థుల కోరికను మన్నించి ఇకపై మన జట్టు పేరు టైగర్స్ అని ప్రకటించారు. నేనూ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను. తరవాత తీరిగ్గా గేమ్స్ సారును అడిగితే, పేరు మార్చాలని అంతకు ముందు ఎవరూ అనుకోలేదనీ, బోర్డుకు చెదలు పట్టిందని వడ్రంగికి ఇచ్చాననీ చెప్పారు. కుర్రాళ్ళందరికీ అంత ముచ్చటగా ఉన్నప్పుడు కాదనడం దేనికని ఊరుకున్నారట.

ఎండలు ముదిరాక జాతర వచ్చింది. ఒక మధ్యాహ్నం ఢోలు, మహురి సన్నాయి మోగుతుంటే టీ దుకాణం దగ్గర నిలబడి చూస్తున్నాం. సందులోంచి ఒక పులి వచ్చింది. పొట్టి పులి, లావు పులి. పసుపు రంగు పొట్ట మీద నల్ల చారలు తాళానికి అనుగుణంగా ఊగుతున్నాయి. వెనక బారెడు తోక. తోకను నేను ముందు గుర్తుపట్టాను, మనిషిని తరవాత. మా మిత్రుడైతే "మన మావయ్యరోయ్! టైగర్స్!" అని అరిచి ఎగిరి గుంపులోకి దూకాడు. చూస్తుండగానే కాలేజీ కుర్రాళ్ళంతా పోగయ్యారు. జట్టు కొత్త పేరుకు మావయ్య పండగ చేస్తున్నాడని ఊరంతా అనుకుంది. అతన్ని భుజాల మీదికి ఎత్తబోయి, ఎత్తలేక, చుట్టూ చేరి ఆడారు. మావయ్య ఎవరినీ ఆపలేదు. ఆయాసపడుతూ, ఆగుతూ, అమ్మవారి దగ్గరికి చేరే దాకా ఆడాడు.

సాయంత్రం ఇంటికెళ్తే పెరట్లో పీట మీద కూర్చోబెట్టి అత్త అతని వీపుకు కొబ్బరినూనె పట్టించి రంగు వదలగొడుతోంది. "సూడరా మీ మావయ్య తెలివి" అంది నన్ను చూడగానే. "పేరు మార్సొద్దని అమ్మోరికి మొక్కుకున్నాడు. నిలబెడితే పులేసం కడతానని. తోక ముందే కుట్టించి పెట్టుకున్నాడు. మొక్కు తీరేదాకా బయటికి సెప్పకూడదు గదా, నాకూ సెప్పలేదు. ఆ తోక సూసే గదేటి మీరంతా పులులైపోనారు!"

"పేరు నిలబడలేదు కదా మావయ్యా, మరి వేషం ఎందుకు కట్టావు?" అన్నాను.

"అమ్మోరితో బేరమాడతానేట్రా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "నాను అడిగింది ఆవిడిష్టం. నాను సేస్తానన్నది నాది."

"ఒక్క మాట 'కాదర్రా' అనుంటే సరిపోయేది."

"అనేద్దునే. అప్పుడు మొక్కు పాడైపోద్ది, పేరు పోద్ది, రెండూనూ." వీపు ముడుచుకుని, "ఒసే, నెమ్మదే, తోలూడొచ్చేస్తంది" అని అత్తను కసిరాడు. అత్త చేతి జోరు తగ్గించింది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రంగు పడిందని ఇద్దరూ అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

కొత్త సీజన్ మొదలైనప్పుడు మావయ్య రాడేమో అనుకున్నాను. మొదటి మ్యాచికే నాకంటే ముందొచ్చి గ్యాలరీలో కూర్చున్నాడు. బంతి అవతలి గోలు వైపు వెళ్ళగానే అందరూ "టైగర్స్!" అని అరిచారు. మావయ్యా అరిచాడు, కానీ అందరికంటే ఒక అరక్షణం వెనకగా. ఆ అరక్షణంలో అతని నోరు ముందు వేరే మాటకు తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకునేది. పక్కనున్న నాకు తప్ప అది ఎవరికీ తెలిసేది కాదు. ఆ తరవాత చదువు అయిపోయి ఉద్యోగానికి వెళ్ళినా, సెలవు దొరికితే అతనితో మ్యాచికి వెళ్ళేవాణ్ణి, ఆ అరక్షణం కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి. అది ఉన్నంతకాలం తాబేళ్ళు ఇంకా ఉన్నట్టే నాకు అనిపించేది. ఒక ఏడాది చూస్తే అది లేదు. మావయ్య గొంతు వందమంది గొంతులతో సరిగ్గా కలిసి లేచింది, ముఖంలో ఏ కష్టమూ లేదు, నా వైపు తిరిగి సంతోషంగా నవ్వాడు కూడా. యంత్రంలో ఏ చిన్న తేడా ఎప్పుడు మొదలై ఎప్పుడు పోయిందో పట్టుకోవడమే నా ఉద్యోగం, అయినా పక్కనే కూర్చుని ఉండి కూడా కాలం ఆ అరక్షణాన్ని ఏ రోజు సరిచేసి వెళ్ళిందో నేను చెప్పలేను.