రసాల గంపలతో దోనె ఎక్కిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో మనుషులెవరూ పోలేదు. పోయినవి రెండే. మొదటిది రెండు గంపల చిన్న రసాల పరువు, రెండోది ఏడాదిన్నర పాటు నేను కంటికి రెప్పలా పెంచుకున్న నా జుట్టు. అయితే ఆ రెండు గంటల్లో నేను ఎన్నిసార్లు చచ్చి బతికానో మాత్రం అడక్కండి. ఇప్పటికీ బకెట్లో నీళ్ళు కదిలితే పక్కనున్న గోడ పట్టుకుంటాను. మీరు హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎనభైల నాటి సంగతి. చాట్రాయి పక్కన మామిడి తోటల్లో మా నాన్న కోత ముఠాకి మేస్త్రీ. పొడుగు కర్రకి వల కట్టిన చిక్కంతో కాయ దెబ్బ తగలకుండా కోయడం, గంపలో వరిగడ్డి పరిచి సర్దడం నా పని. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చెవులు మూసుకుపోయి మెడ మీద పడేంత జుట్టు, ప్యాంటు వెనక జేబులో దువ్వెన. చెట్టెక్కినా సరే, దిగగానే ముందు దువ్వుకుని ఆ తర్వాతే కాయ లెక్క చెప్పేవాణ్ణి. "ఆ జుట్టు మీద పెట్టిన శ్రద్ధ పని మీద పెడితే ఈపాటికి నువ్వే మేస్త్రీవి అయ్యేవాడివిరా" అనేవాడు మా నాన్న.

ఇక్కడ మీకు మా తోటల ధర్మసూత్రం ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా కొంప ముంచింది అదే. రసం కాయ తోలు పల్చన. కాస్త కుదుపు తగిలినా లోపల కమిలిపోతుంది. గంప నెత్తిన పెట్టుకుని మనిషి నడిస్తే కాయకి ఏమీ కాదు. ఎడ్లబండి మీద వేస్తే ఒకటో రెండో కమిలిపోతాయి. ట్రాక్టరు మీద వేస్తే ఇంకాసిని పోతాయి. లారీ ఎక్కిస్తే బెజవాడ చేరేసరికి అడుగు వరసంతా గోవిందా. అంటే ఏమిటి? బండి ఎంత పెద్దదైతే కుదుపు అంత పెద్దది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్న సత్యం ఇది. దీన్ని కాదనే మొనగాడు మా మండలంలో లేడు.

సరే, మా అక్క నాగమణిని కొల్లేటి మధ్య ఉన్న ఒక లంక ఊరికి ఇచ్చాం. ఆ వేసవిలో దాని కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. పిల్లవాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వెయ్యాలి కదా, ఉన్న ఒక్క మేనమామనీ నేనే. అమ్మా నాన్నా రెండు రోజుల ముందే వెళ్ళారు. రసాలు మాగేదాకా నేను ఆగాను. అక్క ఉత్తరం రాసింది: "ముహూర్తం పదకొండున్నరకి. నూజివీడు రసాలు వస్తున్నాయని మా అత్తగారు ఊరంతా చెప్పుకుంది. ఒక్క కాయ కమిలినా నాకు ఈ ఇంట్లో ఏడాది పొడుగూ దెప్పులే. ఆలస్యంగా వచ్చావంటే నా తమ్ముడివే కావు."

తెల్లవారుజామున గంపలు రెండూ బస్సెక్కించాను. హనుమాన్ జంక్షన్లో ఇంకో బస్సు మారాను. టాపు మీద వెయ్యనివ్వకుండా కండక్టరుతో పోట్లాడి, ఒక గంప ఒళ్ళో, ఇంకోటి కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎనిమిదిన్నరకి రేవులో దిగాను. ఒక్క కాయ కమలలేదు. అక్కడే ఆగిపోయి ఉంటే నా అంత మొనగాడు లేడు.

ఆ ఏడు రోహిణిలోనే వానలు పడి, వాగులన్నీ వచ్చి కలిసి కొల్లేరు నిండుగా ఉంది. ఆకాశం మసిగుడ్డలా ఉంది. రేవులో ఇంజను పడవ ఒకటి ఆగి ఉంది. అబ్బో, ఎంత పడవో! బియ్యం బస్తాలు, కోళ్ళ గంపలు, ఓ నలభై మంది మనుషులు, ఒక మేకపోతు. పడవ ఆసామి నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"గాలి లేచేట్టుందండీ! తొందరగా ఎక్కండి!"

నేను ఎక్కలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పడవని పైనుంచి కిందికి చూశాను.

"ఇంత లావు పడవ, దానికి తోడు ఇంజను కూడానా? ఇందులో పెడితే నా కాయ గుజ్జయిపోతుందండీ."

"అయ్యో, కుదుపేం ఉండదండీ. నా మాట వినండి."

"నాకు చెప్పొద్దండీ! నేను లారీల్ని చూసినవాణ్ణి."

పడవలో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. జుట్టు ఒకసారి దువ్వుకుని అటు తిరిగాను.

కాస్త ఎడంగా ఒక దోనె ఉంది. రెండు తాటి మొద్దులు తొలిచి జోడించారు, వెడల్పు మా నులక మంచంలో సగం. అందులో దోనె తోసే గెడ పట్టుకుని యాభై ఏళ్ళావిడ నిలబడి ఉంది. పేరు నాంచారమ్మ, అక్క వాళ్ళ ఊరే. రేవులో చేపలు అమ్మేసి ఖాళీగా వెళ్తోంది. చిన్నది, ఇంజను లేదు, చక్రాలు అసలే లేవు. ధర్మసూత్రం ప్రకారం గంప నెత్తిన పెట్టుకున్నంత సుఖం!

"అత్తా, నన్నూ గంపల్నీ ఎక్కించుకుంటావా?"

ఆవిడ ఆకాశం వైపు చూసింది, నా వైపు చూసింది. "పెద్ద పడవ ఉందిగా అబ్బాయ్?"

"అది కుదుపుద్దత్తా."

ఆవిడ చీర కొంగు నడుముకి బిగించింది. "సరే, ఎక్కు. గంపలు అడుగున పెట్టు."

"అడుగున చెమ్మ ఉంది. కాయకి చెమ్మ తగలకూడదు." బల్ల చెక్క మీద గడ్డి వేసి, గంప మీద గంప పెట్టి, పక్కన నేను నిటారుగా కూర్చున్నాను. గంపలు నా భుజం ఎత్తున ఉన్నాయి.

"నీకు ఈతొచ్చా?"

"మా తోటలో ఉన్నది మోటబావి ఒక్కటే అత్తా. నీళ్ళు తోడుకోవడమే గానీ దిగింది లేదు."

"మంచిదే," అని గెడ వేసింది. ఏం మంచిదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మొదటి అరగంట స్వర్గం. నీళ్ళ మీద అల్లుకున్న తూడు ఆకుల మధ్య దోనె జారుకుంటూ పోయింది. నేను కాలు మీద కాలేసుకుని లారీల గురించి ఆవిడకి ఉపన్యాసం ఇచ్చాను. ఆ తర్వాత ఆకులు అయిపోయాయి, గట్టు కనపడకుండా పోయింది, గాలి లేచింది.

మొదటి అలకి దోనె ముక్కు పైకి లేచింది. లేచింది కదా అని నేను చూస్తుండగానే ధబేలుమని కింద పడింది. నా పొట్ట మాత్రం ఇంకా పైనే ఉంది. అది కిందికి వచ్చేలోపు రెండో అల. నీటికీ దోనె అంచుకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉందనుకున్నాను, చూస్తే రెండు వేళ్ళే.

"అత్తా! కుదుపుతుందే!"

"మరి కుదపదా?"

"చిన్నది కదా!"

"చిన్నదనే అబ్బాయ్! పెద్ద పడవైతే మూడు అలల మీద ఒకేసారి పడుకుని పోద్ది. మన దోనె ఒక్కో అలా ఎక్కాలి, ఒక్కో అలా దిగాలి. కొల్లేట్లో అలలెన్నో నువ్వే లెక్కెట్టుకో."

ఆ ఒక్క మాటతో మా మండలం మండలమంతా నమ్మిన సూత్రం నీళ్ళపాలైంది. దాని వెనకాలే నేనూ వెళ్ళేట్టున్నాను. భయమేసింది. ఉత్త భయం కాదు, జేబులో దువ్వెన ఉన్న సంగతి కూడా మర్చిపోయేంత భయం. ఎటు చూసినా నల్లటి నీళ్ళే, చుట్టూ మనిషన్నవాడు లేడు. నేనిక్కడ మునిగిపోతే పిల్లవాడికి కత్తెర వేసేవాడు లేడు, అక్క గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తూనే ఉంటుంది. అది తల్చుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

"లోతెంత అత్తా?"

"ఎంతో లేదులే. మెడ దాకా వస్తాయి."

"ఎవరి మెడ? నీ మెడా, నా మెడా?"

ఆవిడ గెడని ఇంకా లోపలికి దించింది. గెడ అడుగు అందక తడబడుతోంది.

అప్పుడు మొదలుపెట్టాను మొక్కులు. ఆ లంకలో అమ్మవారి గుడి ఉందని అక్క చెప్పిన సంగతి గుర్తొచ్చింది. "తల్లీ, కొబ్బరికాయ కొడతాను" అన్నాను. అలవాటైన మొక్కు, చవకది. అమ్మవారు దాన్ని అల చేత తోయించేసింది. "పదకొండు కాయలు కొడతాను తల్లీ!" అన్నాను. దోసెడు నీళ్ళు మొహాన పడ్డాయి. "కోడిని కోస్తాను!" దోనె ఒక పక్కకి ఒరిగి, పై గంప నా భుజం మీదికి వాలింది.

"గంపలు దించు! బరువు పైనుంటే బోల్తా కొడతాం! అవసరమైతే ఒకటి నీళ్ళలో పడెయ్!"

"రసాల్నా! పడేస్తే అక్క చంపేస్తుందత్తా!"

"బరువు వదుల్చుకోవాలిరా నాయనా!"

సరిగ్గా ఆ క్షణంలో, మా తర్వాత రేవు వదిలిన పెద్ద పడవ ఇంజను చప్పుడు చేసుకుంటూ మా పక్కనుంచి వెళ్ళింది. నా కళ్ళతో చూశాను. అందులో ఒక ముసలాయన గ్లాసు నిండా టీ పట్టుకుని తాగుతున్నాడు, చుక్క తొణకలేదు. మేకపోతు నిద్రపోతోంది. ఆసామి నన్ను చూసి, "ఎలా ఉందండీ? కుదుపు లేదుగా?" అని పలకరించాడు. అతను వెళ్ళిపోయాడు గానీ, అతని పడవ లేపిన అలలు మాత్రం మా కోసం ఆగాయి.

ఆ అలకి దోనె పైకి లేచినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి. కొల్లేటి చేపలన్నీ సాక్ష్యం.

"తల్లీ! నా జుట్టు ఇచ్చేస్తాను! మొత్తం ఇచ్చేస్తాను! మీసం కూడా తీసుకో!"

నాంచారమ్మ గెడ ఆపి మరీ నా వైపు తిరిగింది. "బరువు వదుల్చుకోమంటే జుట్టు ఇస్తానంటావేంట్రా!"

తర్వాత నన్ను మెడ పట్టి కిందికి నొక్కి, గంపలు రెండూ అడుక్కి లాగి, "పడుకో! లెగిశావంటే గెడతో కొడతా" అంది. చెమ్మ తగలకూడదన్న కాయలు చెమ్మలో ఉన్నాయి. వాటి మీద బోర్లా నేను. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు గంపల్నీ వాటేసుకుని, అల వచ్చినప్పుడల్లా వాటి మీద పడుతూ, లేస్తూ, మళ్ళీ పడుతూ మిగిలిన దారంతా పోయాను. బరువు అడుక్కి చేరేసరికి దోనె కాస్త నిమ్మళించిందట. నేను నిమ్మళించలేదు.

"లెగు, ఊరొచ్చింది" అంటే నమ్మలేదు. చేత్తో మట్టి తడిమి చూసుకుని అప్పుడు లేచాను. అప్పటికి పదకొండైంది. గుడి ముందు అందరూ నాకోసమే చూస్తున్నారు. పెద్ద పడవలో వచ్చినవాళ్ళంతా అప్పటికే టిఫిన్లు చేసి తీరిగ్గా కూర్చున్నారు.

అక్క పరుగున వచ్చింది. నా మొహం వంక ఒకసారి చూసి, గంప మీద గడ్డి తీసింది. అక్క అత్తగారు వచ్చి ఒక రసం తీసి పట్టుకుంది. అది ఆవిడ వేళ్ళ మధ్య ఇటూ అటూ జారింది. కాయ చిట్లలేదు, కానీ లోపలంతా రసమే. రసాల్ని జుర్రుకునే ముందు మనమే మెత్తగా పిసుకుతాం కదా, ఆ పని గంప మొత్తానికీ నా ఛాతీతో నేనే చేసేశాను. ఆవిడ ముచ్చిక తీసి నోట్లో పెట్టుకుని ఒక్క గుక్కలో జుర్రేసి, అక్క వైపు తిరిగింది.

"నీ తమ్ముడికి ఎంత మర్యాదే నాగమణీ! మాకు శ్రమ లేకుండా అన్నీ పిసికే తెచ్చాడు!"

అక్క పరువు దక్కింది. నేను మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే కత్తెర నా చేతిలో పెట్టారు. పిల్లవాడు నా ఒళ్ళో కూర్చుని నా చెయ్యి వంక చూశాడు. ఆ చెయ్యి ఇంకా అలల మీదే ఉంది. వాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. బెల్లం పెట్టినా ఆగడు, గిలక్కాయ ఊపినా ఆగడు.

"ముందు మేనమామకి చేయించండి. పిల్లోడు చూసి భయం మానేస్తాడు" అంది వెనకనుంచి ఒక గొంతు. నాంచారమ్మ!

"నాకేంటి? నాకేం లేదే!" అన్నాను. ఒడ్డు చేరాక మనిషికి ఎంత ధైర్యం వస్తుందో చూడండి.

"అమ్మవారికి మొక్కావుగా, నడి కొల్లేట్లో. జుట్టు మొత్తం, మీసం కూడా. అమ్మవారు విన్నదో లేదో గానీ నేనైతే విన్నా."

"మొక్కు మొక్కే!" అంది మా అమ్మ. ఏడాదిన్నర నుంచి ఆవిడ ఈ శుభదినం కోసమే ఎదురుచూస్తోందని ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది. మా నాన్న అప్పటికే నా కోసం పీట వాల్చేశాడు.

పావుగంటలో అంతా అయిపోయింది. నా నున్నటి గుండూ బోసి మూతీ చూసి పిల్లవాడు ఏడుపు ఆపి, రెండు చేతులతో నా తల మీద తబలా వాయించి కిలకిలా నవ్వాడు. అదే ఊపులో మొదటి కత్తెర వేసేశాను. ముహూర్తం తప్పలేదు. వెనక జేబులో దువ్వెన మాత్రం గుచ్చుకుంటూ ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పెద్ద పడవ నట్టనడుమ, మేకపోతు పక్కన కూర్చున్నాను. నాంచారమ్మ ఒడ్డున నిలబడి అరిచింది:

"దీంట్లో వచ్చుంటే కొబ్బరికాయతో పోయేది కదరా అబ్బాయ్! పడవ చిన్నదైతే మొక్కు పెద్దదైపోద్ది!"

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసుకునేది ఏమనగా: ఇకమీదట నా బొందిలో ప్రాణం ఉండగా, మేకపోతు నిద్రపోలేని పడవ ఏదీ నేను ఎక్కను. ఇది నా తల మీద చెయ్యి పెట్టి మరీ చేస్తున్న ప్రతిజ్ఞ. ఆ తల ఇప్పుడు ఏ క్షురకుడి సాయమూ లేకుండానే నున్నగా ఉంది. చిన్న దోనె ఎక్కితే అమ్మవారికి ఇచ్చుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.