నేను ర్యాంకులిచ్చిన నాలుగు బ్రౌజర్లు

2022 జూలైలో నన్ను తల్లాడ వైపు నుంచి టేకులపల్లి అడవి అంచున ఉన్న ఒక డిగ్రీ కాలేజీకి లైబ్రేరియన్‌గా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. చేరిన వారంలోనే ప్రిన్సిపాల్ మేడం లైబ్రరీ పక్కగదిలోని కంప్యూటర్ల బాధ్యత కూడా నాకు అప్పగిస్తూ ఆఫీస్ ఆర్డర్ ఇచ్చారు. అవి ఆరు మ్యాక్‌లు. హైదరాబాద్‌లో ఎవరో కొన్నేళ్లు వాడి, కాలేజీకి విరాళంగా పంపినవి.

మ్యాక్‌లో వెబ్‌సైట్లు తెరవడానికి సఫారీ అనే బ్రౌజర్ ముందే ఉంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మనం దించుకోవాలి. మా దగ్గర నాలుగూ ఉండేవి. ఎవరికి తోచింది వాళ్లు తెరిచేవారు. ఒక విద్యార్థి మెయిల్ మూసెయ్యకుండా లేచిపోతే, తర్వాత కూర్చున్నవాడు దాన్ని చదివి నలుగురికీ చెప్పాడు. గొడవైంది. నాలుగింటినీ పోల్చి, ర్యాంకులిచ్చి, ఒక్కటే ఉంచమని మేడం ఆదేశించారు.

నేను కంప్యూటర్ల చదువు చదవలేదు. నాకు తెలిసిందంతా ఖమ్మంలో గ్రంథాలయం బల్ల దగ్గర, ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని పుస్తకాల్లోంచి తెచ్చుకున్నదే. అందుకే ఆ ఆర్డర్ నాకు పరీక్ష హాల్ టికెట్‌లా అనిపించింది. పది రోజులు చదివి, పది రోజులు పరీక్షించి, పదకొండు పేజీల నివేదిక రాశాను. ఎక్కువ మార్కులు గోప్యతకు పెట్టాను. తర్వాత అప్‌డేట్లకు, మెమరీ వాడకానికి, వేగానికి.

ఫైర్‌ఫాక్స్‌కు మొదటి ర్యాంకు వచ్చింది. మూసిన ప్రతిసారీ తనలో దాచుకున్నదంతా తుడిచేసేలా దాన్ని సులువుగా అమర్చుకోవచ్చు, పాత సిస్టమ్‌కు కూడా అప్‌డేట్లు అందుతున్నాయి. సఫారీ తేలిక, ఆ యంత్రం కోసమే పుట్టింది. కానీ దాని అప్‌డేట్లు మ్యాక్ సిస్టమ్‌తో ముడిపడి ఉంటాయి, మా పాత మ్యాక్‌లకు కొత్త సిస్టమ్ ఎక్కదు. కాబట్టి రెండోది. క్రోమ్‌లో దాదాపు అన్ని సైట్లూ ఇబ్బంది లేకుండా తెరుచుకున్నాయి గానీ, పది ట్యాబ్‌లు తెరిస్తే మా యంత్రాల మెమరీ చాలలేదు. ఎడ్జ్ లోపలి ఇంజిన్ కూడా క్రోమ్‌దే కనుక, దాన్ని వేరుగా ఉంచడానికి నాకు కారణం దొరకలేదు. మేడం సంతకం చేశారు. మిగతావి పక్కన పెట్టి, ఫైర్‌ఫాక్స్‌లో తుడిచే అమరిక పెట్టి, ర్యాంకుల పట్టిక గోడకు అంటించాను.

సంత రోజు ఊళ్లవాళ్లకు కూడా ఆ గది తెరిచి ఉంచడం కాలేజీ అలవాటు. సెప్టెంబరులో ఒక సంతకు నాగమణి అనే కోయ అమ్మాయి వచ్చింది. ఇంటర్ పాసైంది, నర్సింగ్ కోర్సుకు దరఖాస్తు చేస్తోంది. మా అటెండర్ యాదగిరి ఆమె సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఇచ్చాడు. మూడో నంబరు మ్యాక్ మీద రెండు గంటలు కూర్చుని ఫారం దాదాపు నింపింది. ఆదాయ ధ్రువపత్రం ఇంకా రాలేదు. వచ్చే సంతకు తెస్తానని చెప్పి వెళ్లింది. గది మూసేటప్పుడు నేను బ్రౌజర్ మూశాను.

మరుసటి సంత రోజే గడువుకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు సైట్ మూసేస్తారు. వాగులో నీళ్లు పెరుగుతుంటే దాటుకుని మూడు గంటలకు వచ్చింది. అదే మ్యాక్ మీద ఫారం తెరిస్తే అన్ని గడులూ ఖాళీ.

"పోయిన సంతకు అంత నింపిన గద సార్, ఏదీ లేదేంది?" అంది.

ఆ సైట్ సగం నింపిన ఫారాన్ని తన దగ్గర ఉంచుకోదు. నింపే మనిషి బ్రౌజర్‌లోనే దాచిపెడుతుంది. దాన్ని నేనే తుడిచాను. ఆ సంగతి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. మళ్లీ నింపుదామంటే ఆమె చేతిలో ఆదాయ పత్రం ఒక్కటే ఉంది.

"వానకు తడుస్తయని ఒరిజినల్స్ ఇంట్ల పెట్టొచ్చిన. ఇప్పుడు పోతే వాగు మళ్ల దాటనియ్యదు" అంది. ఏడవలేదు. ఇంకో ఏడాది మిరప చేలల్లో కూలికి పోవాల్సిందేనని మాత్రం అంది.

యాదగిరి బొగ్గుగని కుటుంబంలో పుట్టినవాడు, మాట దాచుకోడు. "ఇల్లు ఊడ్వమంటే మీరు గింజలు గూడ ఊడ్చి పారబోసిండ్రు సార్" అన్నాడు. అతనే మళ్లీ, "స్కానింగులు గూడ ఊడ్చిండ్రా?" అని అడిగాడు.

ఊడ్వలేదు. స్కానర్ పంపే ఫైళ్లు బ్రౌజర్‌లోకి కాదు, మ్యాక్‌లో వేరే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. తెరిచి చూస్తే నాగమణి పత్రాలన్నీ ఉన్నాయి. ఆమెవే కాదు, రెండు నెలలుగా వచ్చిన అందరి మెమోలు, కుల ధ్రువపత్రాలు, ఆధార్ కార్డులు ఎవరైనా తెరిచి చూసేలా పడి ఉన్నాయి. గోప్యత గురించి నాలుగు పేజీలు రాసిన నేను ఆ ఫోల్డర్‌ను చూడనే లేదు.

ఆదాయ పత్రం కూడా స్కాన్ చేసి, పత్రాల్లోని నంబర్లు యాదగిరి చదివాడు, ఆమె టైప్ చేసింది, నేను సరిచూశాను. ఐదుకు పది నిమిషాల ముందు దరఖాస్తు నంబరు వచ్చింది. నాగమణి దాన్ని ముందు అరచేతి మీద రాసుకుంది, తర్వాత కాగితం అడిగింది. "ఇది మాత్రం తుడవకుండ్రి సార్" అని వెళ్లింది. రెండో జాబితాలో ఆమెకు సీటు వచ్చింది. అది ఆమె మార్కులతో వచ్చింది.

ఆ సంత మర్నాడే, జరిగినదంతా రాతపూర్వకంగా మేడంకు ఇచ్చి, గోడ మీది పట్టిక తీసేశాను. వచ్చేవారికి మ్యాక్‌లో విడివిడిగా యూజర్ ఖాతాలు, ఎవరి పాస్‌వర్డ్ వారికి, ఎవరి స్కాన్లు వారి ఖాతాలోకి అని ఏర్పాటు చేశాం. దాంతో తుడిచే అమరిక అక్కర్లేకపోయింది. ఫైర్‌ఫాక్స్ మొదటి ర్యాంకు మారలేదు.

తప్పు ర్యాంకులో లేదు. పుస్తకాల్లో మనిషి ఒక్కసారి కూర్చుని పని ముగించి లేస్తాడు. మా దగ్గర ఒక ఫారం రెండు మూడు సంతలకు గానీ నిండదు. నా పరీక్షలన్నీ నేనొక్కణ్ణే చేశాను, ఒక్కోదాన్నీ కూర్చున్న పూటలోనే ముగించాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ రెండు వస్తువులను పోల్చమన్నా, ముందు వాటిని వాడేవాళ్ల పక్కన ఒక సంత రోజంతా కూర్చున్నాను.