వెనక్కి తిప్పిన బోటు

ఈశ్వర్ ఎనిమిది వేళ్ళతో టైపు చేస్తాడు. శ్రీకాకుళంలో అతని డీటీపీ షాపుకి వచ్చేవాళ్ళు కుడిచేతి మీద వంకరపోయిన రెండు వేళ్ళనూ చూసి, బైకు మీంచి పడ్డావా అని అడుగుతారు. అవునంటాడు.

2015 ఫిబ్రవరిలో ఒక మంగళవారం అతని అన్న గంగులు సముద్రం మీద పక్క ఊరి సోములు తల పగలగొట్టాడు. తెడ్డు దెబ్బకి పుర్రె చిట్లింది. ఒడ్డుకి తెచ్చేసరికి సోములు చెవిలోంచి రక్తం కారుతోంది, మాట లేదు.

గంగులు చెప్పింది ఒకటే. "నా వల నీళ్ళలో ఉన్నాది. బోటు ఆపుకుని కూకున్నాను. సోములే మన హద్దులోకి వచ్చి వల కోసినాడు. బోటు నా మీదకి తోసినాడు. తెడ్డుతో నెట్టినాను, తగిలింది."

గురువారం రెండు ఊళ్ళ పెద్దలూ కూర్చుంటారు. గంగులు మాట నిలిస్తే సోములు బోటు ఏడాదిపాటు నీళ్ళలో దిగకూడదు. సోములు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. బోట్లలో వాళ్ళిద్దరే ఉన్నారు, కాదనడానికి ఇంకెవరూ లేరు.

బుధవారం పొద్దున్నే గంగులు తన బోటులోని జీపీఎస్ పట్టుకుని షాపుకి వచ్చాడు. కొట్లాట జరిగిన చోట గుర్తు నొక్కాడట. "మన నీళ్ళలోనే ఉన్నాదా గుర్తు. కాయితం మీద తీసియ్యి."

అది సెకండ్ హ్యాండులో కొన్న పాత యంత్రం. దాని సాఫ్ట్‌వేర్ సీడీ పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు. ఈశ్వర్ దగ్గరున్నది విండోస్ సెవెన్. అందులోనే వేరుగా ఎక్స్‌పీ నడపాలి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎక్స్‌పీ మోడ్ ప్రొఫెషనల్, ఆ పై రకాలకే వస్తుంది, ఇతనిది హోమ్. వీఎంవేర్ ప్లేయర్ ఉచితమే, తేలిక కూడా. కానీ అందులో స్నాప్‌షాట్, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు దాచి తర్వాత తిరిగి తెచ్చుకునే వీలు, లేదు. ఈ పాత సీడీ ఏం పాడుచేస్తుందో తెలియదు కనక ఈశ్వర్ వర్చువల్‌బాక్స్ ఎంచుకున్నాడు. ఎక్స్‌పీ ఎక్కించాక, సీడీ పెట్టకముందే ఒక స్నాప్‌షాట్ తీశాడు.

"ఏటిరా అది?"

"కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, అన్నియ్యా."

"నీ కంప్యూటరు కడుపుతో ఉన్నాదేటి?" గంగులు నవ్వాడు.

"ఏది పాడైనా ఇది నొక్కితే ముందున్నట్టు అయిపోద్ది. ఏటీ జరగనట్టే."

యంత్రంలో ఉన్నదంతా దిగి ఎక్స్‌పీలో ఫైలుగా చేరింది. గుర్తు కనిపించింది, హద్దు లోపలే. దానితోపాటు బోటు నడిచిన దారంతా ఒక గీతగా కనిపించింది. గీత గుర్తుని దాటుకుని దక్షిణానికి చాలా దూరం పోయింది. అక్కడ గిర్రున తిరిగి, ఎక్కడా ఆగకుండా తిన్నగా గుర్తు మీదకే వచ్చింది.

ఈశ్వర్ గీత మీద వేలు పెట్టాడు. "బోటు ఆపినానన్నావు."

గంగులు నవ్వు ఆగింది. "నాను నొక్కితేనే కదా రాస్తాది!"

"నొక్కకపోయినా రాస్తాది."

గంగులు జీపీఎస్ లాక్కుని నేలకేసి కొట్టాడు, కాలితో తొక్కాడు. షట్టరు కిందకి లాగాడు. లాగే ఇనపకొక్కెం చేతిలోనే ఉంది.

"ఏటీ జరగనట్టు సేస్తానన్నావు కదా. నొక్కు."

"సోములు సచ్చిపోతాడేమో, అన్నియ్యా."

"నొక్కరా!"

ఈశ్వర్ మౌసు మీంచి చెయ్యి తీయబోయాడు. కొక్కెం దిగింది. రెండు వేళ్ళు బల్లకీ ఇనుముకీ మధ్య విరిగాయి. కీబోర్డు మీద రక్తం చిమ్మింది. గంగులు తమ్ముడి జుట్టు పట్టుకుని మొహం తెర దగ్గరకి వంచాడు. "ఇంకో సెయ్యి లేదేటి?"

ఈశ్వర్ ఎడమచేత్తో ఎక్స్‌పీని ఆపి, రిస్టోర్ నొక్కాడు. చిన్న కిటికీ తెరుచుకుంది. ఇప్పుడున్నదాన్ని కూడా స్నాప్‌షాట్‌గా దాచాలా అని ఇంగ్లీషులో అడుగుతోంది. పక్కన టిక్కు ముందే పెట్టి ఉంది. గంగులుకి ఇంగ్లీషు రాదు. ఈశ్వర్ ఆ టిక్కు జోలికి పోకుండా సరే నొక్కాడు.

మళ్ళీ తెరిస్తే సీడీ పెట్టకముందున్న ఎక్స్‌పీ. ఖాళీ. గంగులు తమ్ముడి భుజం తట్టాడు. "ఆసుపత్రికి ఎల్లు. బండి మీంచి పడ్డానని సెప్పు."

గురువారం చేతికి కట్టుతో ఈశ్వర్ ఊరికి వచ్చాడు. గంగులు తన మాట చెప్పడం అయిపోయింది. సోములు పెళ్ళాం కూర్మమ్మ రక్తం ఎండిన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈశ్వర్ అన్న మొహం చూడకుండా ఒక కాగితం ఊరి పెద్ద నారాయణమూర్తికి ఇచ్చాడు.

నలభై ఏళ్ళు సముద్రం మీద వేటాడిన మనిషి ఆయన. గీత ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోరుతో గీత వెంట వెళ్ళి, తిరిగిన మలుపు దగ్గర ఆగాడు.

"గంగులూ, వల నీళ్ళలో ఉన్నాదన్నావు. వల ఏసి ఎవడైనా బోటు తిప్పుతాడేట్రా? ఇంజను ఫ్యానుకి సుట్టుకోదూ? నువ్వే తిరిగొచ్చి సోములు మీద పడ్డావు."

కూర్మమ్మ లేచి వచ్చి, ఆ తువ్వాలుతోనే గంగులు మొహం మీద కొట్టింది. ఆపకుండా కొట్టింది. ఎవరూ ఆపలేదు. గంగులు చేతులు అడ్డం పెట్టుకోకుండా తమ్ముడివైపే చూస్తున్నాడు.

"నా ముందే నొక్కినావు కదరా!"

"నొక్కినాను," అన్నాడు ఈశ్వర్. "టిక్కు తియ్యలేదు."