పోర్టోబెల్లో ఇంట్లో మూడో దీపం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్ళందరూ మొదట ఈ మాటే అంటారని తెలుసు. కానీ నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివేటప్పుడు మార్చురీ గోడకి ఆనుకుని కూర్చుని పులిహోర తిన్నదాన్ని. ఇప్పుడు డబ్లిన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ని. మనుషులు పోవడం దగ్గరుండి చూశాను. పోయినవాళ్ళు తిరిగి రావడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఇందులో నాకు భయం వేసిన ఘట్టం లేదు. నన్ను పట్టుకున్నది కుళ్ళు. మొదట బతికున్న మనిషి మీద, తర్వాత ఎవరి మీదో నాకే తెలియదు.

పోర్టోబెల్లోలో ఇల్లు అద్దెకు తీసుకుని రెండేళ్ళు కావస్తోంది. మా ఆయన రఘు ఆఫీసు లెపర్డ్స్‌టౌన్‌లో, లూవాస్ ట్రామ్ ఎక్కితే సరిపోతుంది. నా ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు. డబ్లిన్‌లో ఇల్లు దొరకడమే గగనం కాబట్టి, లీజు మీద సంతకం పెట్టేటప్పుడు ఇంతకు ముందు ఇక్కడ ఎవరుండేవారని మేము అడగలేదు.

ఆ పేట ఒకప్పుడు యూదులది. నూరేళ్ళకు పైగా ముందు లిథువేనియా వైపు నుంచి వచ్చి, ఈ ఎర్ర ఇటుకల ఇళ్ళలో కాపురాలు పెట్టారు. వాళ్ళ బేకరీలు, మాంసం కొట్లు, చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు అన్నీ ఈ వీధుల్లోనే ఉండేవట. పిల్లలు చదువుకుని పెద్ద ఇళ్ళకు మారిపోయాక పేట ఖాళీ అయింది. మా వీధి మలుపులో సినగాగ్, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరం, పాతది ఒకటి మ్యూజియంగా మిగిలింది. రోజూ దాని ముందు నుంచే వెళ్ళేదాన్ని గానీ లోపల అడుగు పెట్టలేదు.

మా వంటింటి గుమ్మానికి కుడి పక్కన, భుజం ఎత్తులో, వేలెడు పొడవున ఏటవాలుగా ఒక ఉబ్బు ఉండేది. దాని మీద ఎన్ని పొరల రంగు వేశారో లెక్కలేదు. పాత కరెంటు వైరు ముక్క అనుకుని వదిలేశాను.

మా పాప మేధకు అప్పుడు ఐదేళ్ళు. స్కూలు మధ్యాహ్నానికే అయిపోతుంది. దాన్ని ఇంటికి తెచ్చి, నేను వచ్చేదాకా చూసుకోవడానికి రమణక్కను పెట్టుకున్నాం. ఆవిడది జగిత్యాల వైపు. భర్త ఎయిర్‌పోర్టులో పని చేస్తాడు, ఉండేది స్వోర్డ్స్‌లో, రోజూ బస్సులో వచ్చేది. మంచి మనిషి. అదే నాకు గిట్టలేదు.

మేధకు తెలుగు అర్థమవుతుంది. కానీ నేను ఏది అడిగినా ఐరిష్ యాసలో ఇంగ్లీషులోనే జవాబు చెబుతుంది. ఎన్నేళ్ళు బతిమాలినా నోట తెలుగు ముక్క రాలేదు. రమణక్క వచ్చిన రెండు నెలలకు, ఒకరోజు నేను చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి వినిపించింది: "రమణక్కా, నాకు ఆకలైతుంది." స్పష్టంగా, జగిత్యాల తెలుగులో. సంతోషపడాల్సింది. కడుపు మండిపోయింది. నేను వేసిన పెసరట్టు ముట్టని పిల్ల, ఆవిడ తెచ్చే సర్వపిండి కోసం గుమ్మం దగ్గర కాపు కాసేది. ఆసుపత్రిలో ఊరందరి పిల్లల్నీ నేను చూస్తుంటే, నా పిల్ల నా చేతుల్లోంచి జారిపోతోందనిపించేది.

శుక్రవారం సాయంత్రం దీపం పెట్టడం మా అమ్మ నాకు నేర్పిన అలవాటు. చలికాలంలో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆ వేళకు నేను ఇంటికి చేరలేను. అందుకని రెండు ప్రమిదల్లో జంట వత్తులు వేసి వెలిగించమని రమణక్కకు చెప్పాను.

నవంబరులో ఒక శుక్రవారం క్లినిక్ తొందరగా అయిపోయి నాలుగింటికే ఇంటికొచ్చాను. తాళంచెవితో తలుపు తీసిన చప్పుడు వాళ్ళు వినలేదు. వంటింటి బల్ల మీద రెండు దీపాలు వెలుగుతున్నాయి. వాటి పక్కన మూడోది, అల్మారాలోంచి తీసిన టీలైట్, చిన్న కొవ్వొత్తి బిళ్ళ. మేధ కుర్చీ ఎక్కి నిలబడి, మంటల మీదుగా రెండు చేతులతో వెలుగును మూడుసార్లు తనవైపు తీసుకుంది. తర్వాత అరచేతులతో కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. మనం హారతి కళ్ళకద్దుకుంటాం. ఇది అది కాదు. చాలాసేపు అలాగే ఉంది. పక్కన రమణక్క చేతులు కట్టుకుని, పూజారిని చూసినట్టు చూస్తోంది.

నా కళ్ళు ఆ మూడో దీపం మీద పడ్డాయి. ఒకటే వత్తి. మా ఇళ్ళలో ఒంటి వత్తి దీపం శవం తల దగ్గర పెడతారు.

"ఒంటి వత్తి ఎప్పుడు పెడతారో మీకు తెలియదా రమణక్కా? పిల్లతో వెలిగిస్తారా?" అని అరిచాను.

"నేనెందుకు పెడ్త డాక్టరమ్మా? పొల్లనే పెట్టింది."

"ఐదేళ్ళ పిల్ల మీదికి నెట్టకండి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నన్ను తిట్టు, పడ్త. పొల్లకు కీడు చేసిన్నంటే పడ," అంది.

సోమవారం నుంచి రావద్దన్నాను. నిజానికి ఆ వత్తి నాకు ఒక సాకు. మేధ ఏడుస్తూ ఆవిడ కోటు పట్టుకుని వేలాడింది. ఆ చేతిని విడిపించింది నేనే. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తర్వాతి శుక్రవారం ఒక పూట సెలవు పెట్టి, పిల్లను నేనే స్కూలు నుంచి తెచ్చుకున్నాను. దాని ఇష్టాలన్నీ వండాలని కూర్చుని, దీపం సంగతి మరిచాను. గుర్తొచ్చి అగ్గిపుల్ల గీసేసరికి ఐదు కావస్తోంది.

"ఇట్స్ టూ లేట్, అమ్మా," అంది మేధ. కిటికీ వైపు చూపించింది. పొద్దు పోయాక వెలిగించకూడదట. నేను విననట్టే వెలిగించి, లైటు స్విచ్ మీద చేయి వేశాను. పరుగున వచ్చి నా చేయి పట్టుకుంది. దీపాలయ్యాక స్విచ్ ముట్టుకోకూడదట.

ఎవరు చెప్పారే అని అడిగాను. ఫ్రైడే లేడీ అంది. రమణక్కేనా అంటే, ఇంత తెలివితక్కువ తల్లి ఉంటుందా అన్నట్టు నా వైపు చూసింది. రమణక్క రమణక్కే, ఫ్రైడే లేడీ వేరే. ఎలా ఉంటుందని అడిగితే, ముఖం గురించి ఏమీ చెప్పలేదు. ఎలా చేయాలో చేతులతో చూపిస్తుందట. ఆ చేతులకు ఎప్పుడూ పిండి అంటుకుని ఉంటుందట.

ఇదంతా రమణక్క కల్పన అనే నమ్మాను. మనిషి వెళ్ళినా మాట నా ఇంట్లో తిష్ట వేసిందని ఒళ్ళు మండింది.

ఆ ఆదివారం పొద్దున వాన. పార్కుకు వెళ్ళలేక, మలుపులోని మ్యూజియం తలుపు తెరిచి ఉంటే మేధను తీసుకుని లోపలికి వెళ్ళాను. పైన ప్రార్థన గది, చెక్క బెంచీలు. కింద ఒక వంటగది, అందులో శుక్రవారం రాత్రి భోజనానికి సిద్ధం చేసినట్టు ఒక బల్ల. తెల్ల గుడ్డ, రొట్టె, కొవ్వొత్తుల స్టాండ్లు. చూపిస్తున్న పెద్దావిడకు ఎనభై దాటి ఉంటాయి, పుట్టింది ఈ వీధుల్లోనే.

ఆవిడ వివరిస్తూ ఉంది. శుక్రవారం పొద్దంతా రొట్టెల పిండి కలపడమే పని. పొద్దు పోకముందే ఇంటావిడ కొవ్వొత్తులు వెలిగించాలి. ఆ తర్వాత మర్నాడు చీకటి పడేదాకా నిప్పు ముట్టరు, పొయ్యి రాజేయాలన్నా పక్కింటి క్రైస్తవుల పిల్లల్ని పిలిచేవారు. అక్కడిదాకా విని నేను మేధ వైపు తిరిగాను. వెలగని కొవ్వొత్తుల ముందు నిలబడి, మూడుసార్లు చేతులతో తనవైపు తీసుకుని, అరచేతులతో కళ్ళు మూసుకుంది.

పెద్దావిడ వివరించడం వదిలేసి పిల్ల దగ్గరికి వచ్చింది. మీరు మావాళ్ళా అని నన్నడిగింది. కాదన్నాను. మా ఇంట్లో పిల్ల మూడు దీపాలు పెడుతోంది, దానికేమైనా అర్థం ఉందా అని అడిగాను.

ఉందంది. రెండు దీపాలు ప్రతి వారం వచ్చే సబ్బాతువి, అంటే వాళ్ళ విశ్రాంతి దినానివి. చాలా ఇళ్ళలో వాటికి తోడు, తల్లి తన ఒక్కో బిడ్డకు ఒక్కో దీపం పెడుతుంది. మీకు ఎంతమంది అని అడిగింది.

ఒక్కతే అన్నాను.

వంటింటి గుమ్మం మీది ఉబ్బు గురించి కూడా చెప్పాను. అది మెజూజా అయి ఉంటుందంది. ప్రార్థన రాసిన తోలు చుట్టను చిన్న గొట్టంలో పెట్టి గుమ్మానికి బిగిస్తారట. వెళ్తూ వస్తూ వేళ్ళతో తాకుతారట.

నేను డాక్టర్ని కదా, కారణం వెతకకుండా ఉండలేను. చలికాలంలో మ్యూజియం ఆదివారం పొద్దున తప్ప తెరవరు, రమణక్క ఆదివారాలు ఏనాడూ రాలేదు. స్కూల్లో టీచర్ని అడిగాను, ఈ విషయం పిల్లలకు చెప్పలేదంది. మేధ చూసే ట్యాబ్‌లో పాత వీడియోల జాబితా మొత్తం చూశాను. పందులు, డైనోసార్లు తప్ప ఏమీ లేవు.

ఇక మిగిలింది రమణక్క. ఫోన్ చేశాను. ముందు క్షమించమన్నాను, తర్వాత అడిగాను.

"నాకేమెరుక డాక్టరమ్మా? నువ్వే నేర్పినవనుకున్న," అంది. మళ్ళీ తనే, "నిజం చెప్తున్న, నాకు మస్తు కోపమొచ్చింది. పొద్దంత నేను సూసుకుంటుంటె, దేవుని కాడికి వచ్చేసరికి పొల్ల అమ్మ చెప్పినట్టె చేస్తదని."

నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నన్నాళ్ళూ, అవతల ఆవిడా అదే పని చేసిందన్నమాట. గుమ్మం మీది ఉబ్బుకు తను ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టేదాన్నని కూడా అప్పుడే చెప్పింది. "ముందట ఉన్నోళ్ల దేవుడనుకున్న. ఎవ్వల దేవుడైతేంది, ఇంట్ల ఉన్నంక ఉపాసం పెడ్తమా?" అంది. బొట్టు పెట్టేటప్పుడు మేధ పక్కనే నిలబడి చూసేదట. రంగు పొరల మడతల్లో వెతికితే పసుపు ఇంకా ఉంది.

రమణక్క తిరిగి వచ్చింది. ఆవిడ మీద కోపం పోయింది గానీ లోపలి మంట పోలేదు, అది ఎవరి మీదన్నదే మారింది. నా వంటింట్లో, నా పిల్లకు, నేను లేని వేళ ఎవరో నేర్పుతున్నారు. ఎవరో అని కూడా కాదు, ఒక తల్లి. పిల్లకు అన్నీ ఓపిగ్గా చూపించే తీరిక ఉన్న తల్లి. నాకు లేనిది ఆ తీరికే.

డిసెంబరులో ఒక శుక్రవారం ఆరింటికి ఇంటికి చేరాను. వంటింట్లో లైటు వేయలేదు. బల్ల మీద నాలుగు దీపాలు.

రమణక్క నన్ను బయటికి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "ఇంకోటి కావాలని మొండికేసింది. ఎవ్వరికి బిడ్డా అంటే, బేబీకట." అని నా వైపు చూసింది. "ముచ్చట నాకు చెప్పనే లేదు?"

చెప్పడానికి ముచ్చటే లేదు. నేనూ రఘూ రెండో బిడ్డ గురించి అనుకోనే లేదు. నా నెలసరి తేదీ రావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ పోయాయి, ఐదో రోజు పొద్దున ఆసుపత్రి బాత్రూములో పరీక్ష చేసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి.

సంతోషం వేసింది. అబద్ధం చెప్పను, అంతకంటే ముందు ఉక్రోషం వచ్చింది. నా కడుపులో బిడ్డ సంగతి నాకు తెలియకముందే ఇంకో ఆడదానికి తెలిసింది. తెలియడమే కాదు, వాడి పేరున దీపం కూడా పెట్టించేసింది. నాకంటే ముందు వాణ్ణి బిడ్డగా లెక్కపెట్టింది ఆవిడ.

బాబుకు ఇప్పుడు ఏడు నెలలు. వైద్యం చదివిన బుర్రతో ఎన్నిసార్లు తిప్పి చూసినా దీనికి నాకు కారణం దొరకలేదు. చిన్నపిల్ల కోరిక, కాకతాళీయం అంటాడు రఘు. కావచ్చు. కళ్ళు మూసుకున్న ఆ చేతుల సంగతి అడిగితే మాత్రం లేచి బాబును ఎత్తుకుంటాడు.

పోయిన శుక్రవారం ఇంటి దగ్గరే ఉన్నాను కాబట్టి పొద్దు పోకముందే నాలుగూ నేనే వెలిగించాను. తర్వాత, ఎందుకనిపించిందో, గుమ్మం వైపు తిరిగి పైకే అనేశాను: "ఈసారి ఏదైనా ఉంటే ముందు నాకు చెప్పండమ్మా."

బల్ల దగ్గర బొమ్మలేసుకుంటున్న మేధ తలెత్తకుండానే, ఇక్కడివాళ్ళు సరే అనడానికి అన్నట్టు, "గ్రాండ్" అంది. ఆ మాట తనదో, ఇంకొకరి తరఫున చెప్పిందో, నేను అడగలేదు.