అక్క తీసిన వాగ్దానపు కార్డు

మొన్న శుక్రవారం ఇక్కడ మస్కట్ చర్చిలో ఆరాధన అయ్యాక, రుసైల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన వాళ్ళంతా బిర్యానీ పొట్లాల కోసం వరసలో నిలబడి ఉండగా, మా అక్క కూతురు ఫోను నా ముఖం ముందు పెట్టి, "పిన్నీ, సీటొచ్చింది! ఇక్కడ చదివిన రెండేళ్ళూ లెక్కలోకి తీసుకున్నారు" అంది. చిన్న కాలేజీలో చదివిన పిల్లను పేరున్న యూనివర్సిటీవాళ్ళు నేరుగా మూడో సంవత్సరంలో చేర్చుకుంటున్నారట. మెచ్చుకోవలసినదాన్ని, ఎవరినైనా అడిగావా అన్నాను. "ఎవర్ని అడగాలి పిన్నీ?" అని అది తెల్లబోయింది.

దాని తల్లి మా పెద్దమ్మ కూతురు, నాకంటే కొన్ని నెలలే పెద్దది. ఇద్దరం కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగు స్కూల్లో, ఒకే గదిలో ఉండి డిప్లొమా చదివాం. అలాంటి చోటి నుంచి యూనివర్సిటీ కాలేజీలో డిగ్రీ సీటు రావడమంటే మన కాలంలో ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మేట్రనమ్మగారు డ్యూటీ అయ్యాక తన వరండాలో కూర్చోబెట్టి చదివించబట్టి ఇద్దరం ప్రవేశ పరీక్ష గట్టెక్కాం, ఇద్దరికీ సీట్లొచ్చాయి. మార్కులు అక్కకే ఎక్కువ.

మన ఇళ్ళలో ఏ పెద్ద పనికైనా ముందు ప్రార్థన పెట్టి, వాక్యం అచ్చేసిన వాగ్దానపు కార్డు ఒకటి తీయడం ఆనవాయితీ కదా. పెద్దమ్మ కార్డులన్నీ పళ్ళెంలో బోర్లా పరిచింది. నాకు పొలాలకు వాన కురిపిస్తాననే మాట వచ్చింది. సెంటు భూమి లేని మాకు వానెందుకని అందరి ముందూ అనేసి తిట్లు తిన్నాను. అక్కకు మాత్రం ఉన్నచోటనే నిలిచి ఉండమనే వాక్యం వచ్చింది. ఇక నేను వెళ్ళనని అక్క ఆ కార్డును తన బైబిల్లో పెట్టుకుంది. అది ప్రెస్సులో వేలకొద్దీ కొట్టిన అట్టముక్క, నీ పేరు చూసి కొట్టలేదని నేను గొంతు చించుకున్నాను. దేవుడు చెప్పదలచుకున్నది నీ మార్కుల్లో చెప్పాడు కదమ్మా అని మేట్రనమ్మగారు కూడా నచ్చజెప్పి చూశారు. అక్క వినలేదు. "నీ కార్డు నువ్వు నమ్మలేదు, వెళ్తున్నావు. నాది నేను నమ్మాను, ఉంటున్నాను. ఇందులో పోట్లాటేముందే?" అంది, నా పెట్టెలో నా చీరలు సర్దిపెడుతూ.

నేను డిగ్రీ పట్టుకుని మస్కట్‌లో పెద్ద ఆసుపత్రికి వచ్చి, వార్డు ఇన్‌ఛార్జిని అయ్యాను. అక్క ఆ మిషన్ ఆసుపత్రి మూతపడేదాకా అందులోనే ఉండి, ఆ తరవాత డిప్లొమాతోనే మస్కట్‌కు గంట దూరంలో సమాయిల్ అనే ఊళ్ళో, ఖర్జూర తోటల పక్కన ఒక చిన్న క్లినిక్‌కు వచ్చి, తన కూతురి వయసు పిల్లల కింద డ్యూటీలు చేసింది. వెళ్ళినప్పుడల్లా, ఆనాడు నా మాట విని ఉంటేనా అని నేను మొదలుపెట్టేదాన్ని. అక్క నవ్వి, నా కంచంలో ఇంకాస్త దోసకాయ పప్పు వేసేది.

పోయిన ఏడాది అక్క నా వార్డుకే పేషెంటుగా వచ్చింది. ఒకరోజు సెలైను సరిచేస్తూ, వెళ్ళి ఉంటే బాగుండేదని ఒక్కసారైనా అనిపించలేదా అని ఉండబట్టలేక అడిగేశాను. "ఇప్పుడు ఓపిక లేదే. బాగయ్యాక తీరిగ్గా పోట్లాడుకుందాంలే" అంది. బాగవలేదు.

ఇప్పుడు సీటు ఫోనులోకి వచ్చేస్తుంది, పిల్ల తన పెట్టె తానే సర్దుకుంటుంది. ఒకరి చదువు కోసం రెండిళ్ళవాళ్ళు చాప మీద కూర్చుని కీచులాడుకోవడం లేదు. ఇలాగే ఉండాలని అప్పట్లో అరిచిందాన్ని నేనే, ఇవాళ కాదనను. వార్డులో నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు, ఇంట్లోనూ లేరు. అక్క ఆ క్లినిక్‌లో నిజంగానే తృప్తిగా బతికిందో, నా నోరు మూయించడానికే అన్నేళ్ళూ నవ్విందో, అడుగుదామంటే మనిషి లేదు.