సరోజమ్మగారు గెలిచిన స్లయిడు

పురసవాక్కం నుంచి మా ఆస్పత్రికి వచ్చే సరోజమ్మగారి భర్తకు పార్కిన్సన్స్ జబ్బు. చెయ్యి వణకడానికి ఏళ్ల ముందే ఆయనకు మలబద్ధకం మొదలైందని ఆవిడ చెబితే, మా డాక్టరుగారు "వయసమ్మా" అని నవ్వేశారు.

నాకు పంతం పట్టింది. వణుకు ఇంకా రాని ఆ రోజుల్లో వేరే ఆపరేషన్‌లో తీసిన ఆయన పేగుముక్క, నేను పనిచేసే ల్యాబులో మైనం దిమ్మలో భద్రంగా ఉంది. దాన్ని పల్చగా కోసి, స్లయిడు మీద పరిచి రంగు వేశాను. ఈరోజు చూస్తే పేగు నరాల్లో ఆ జబ్బు తాలూకు గోధుమరంగు మచ్చలు.

సరోజమ్మగారిని పిలిచి మైక్రోస్కోపులో చూపించాను.

"నేను అప్పుడే చెప్తిని గదమ్మా. ఆ డాక్టర్ని ఈడికి రమ్మను, ఆయన్నీ చూడమను."

డాక్టరుగారు వచ్చి చూశారు. ఆవిడకు కుర్చీ వేసి, "మొదటినుంచీ చెప్పండమ్మా" అన్నారు.

నేను ఇంటికి బయల్దేరేసరికి ఆవిడ ఇంకా పెళ్లయిన కొత్తల్లోనే ఉన్నారు. మీ ఇళ్లలో ఎవరి మాటను నవ్వి వదిలేశారో చెప్పండి, కుర్చీ నేను వేస్తాను.